ఒక్కరి మందు

ఆ వీధిలో ముక్కాయన అంటే తెలియనివాళ్ళు లేరు. తాళాలు బాగుచేసే మనిషి. మలుపులో ఒక మనిషీ ఒక స్టూలూ పట్టేంత రేకుల కొట్టు, గోడ నిండా తాళంచెవులు, చేతిలో ఎప్పుడూ ఆకురాయి. ముక్కేమీ పెద్దది కాదు పాపం. సిగరెట్టుతో ఎవరొచ్చినా చొక్కా కాలరు ముక్కు మీదికి లాక్కుని, "ముందు ఆ దరిద్రాన్ని అవతల పారేసి రండి, తాళం సంగతి తర్వాత చూద్దాం" అనేవాడు. బేరం పోయినా సరే, పొగని మాత్రం కొట్టులోకి రానిచ్చేవాడు కాదు. అందుకని ఆ పేరు.

అలాంటి మనిషి ఒకనాడు పొగతాగడం మాన్పించే గది ముందు వరసలో నిలబడ్డాడు. వీధి వీధంతా నోరు వెళ్ళబెట్టింది. "ఎంత నంగనాచివయ్యా! ఇన్నాళ్ళూ మమ్మల్ని తిట్టి, చాటుగా నువ్వే లాగిస్తున్నావా?" అని పాలబూత్ ఆయన పగలబడి నవ్వాడు. ముక్కాయన తల దించుకున్నాడు. కాల్చేది తను కాదు, పెళ్ళాం.

ఆవిడది హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేసే పని. ఎప్పుడో పంటిపోటుతో విలవిల్లాడుతుంటే, తోటి ఆవిడ "ఒక్క దమ్ము లాగు, పోటు చచ్చినట్టు తగ్గుతుంది" అంది. పోటు పోయింది, కొన్నాళ్ళకి పన్నూ పోయింది, సిగరెట్టు మాత్రం ఉండిపోయింది. పెరట్లో నీళ్ళపీపా వెనక ఒక రేకుడబ్బాలో దాచుకునేది. ప్రపంచంలో ఆవిడొక్కతె దగ్గరే ముక్కాయన ముక్కు మూసుకునేవాడు కాదు. అంత ప్రాణం ఆవిడంటే.

ఈమధ్య నాలుగు మెట్లెక్కితే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోయేది. డాక్టరు పరీక్ష చేసి ఇది మానకపోతే ఊపిరితిత్తులు ఇంక ఎంతోకాలం లాగలేవని మొహం మీదే చెప్పేశాడు. మానాలని చూసింది. చేతులు వణికి ఇస్త్రీపెట్టె కింద తెల్ల దుప్పటి మాడిపోయింది. ఒళ్ళంతా చెమటలు, అయినదానికీ కానిదానికీ ఏడుపు. "నావల్ల కాదయ్యా, నన్నిలాగే పోనీ" అంది. ఆ మాటకి ముక్కాయన రెండు చేతుల్లో మొహం పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడే వీధి కమ్యూనిటీ హాల్లో ఆ గది తెరిచారు. వారానికోసారి నర్సు వస్తుంది, ఓపిగ్గా మాట్లాడుతుంది, పొగ మీద యావ చచ్చేలా నమిలే బిళ్ళలు ఊరికే ఇస్తుంది. దేవుడే పంపించాడనుకుని ఇద్దరూ బయల్దేరారు. తీరా గుమ్మం దాకా వెళ్తే, లోపల కుర్చీలు సర్దుతూ వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందిస్తున్నది ఎవరనుకున్నారు? వాళ్ళమ్మాయి అత్తగారు. సాక్షాత్తూ వియ్యపురాలు!

ముక్కాయన పెళ్ళాం గిరుక్కున వెనక్కి తిరిగింది. "చచ్చినా ఆ గడప తొక్కను. మన పిల్ల ఆ ఇంట్లో తలెత్తుకు తిరగాలా వద్దా?"

మరుసటి వారం ముక్కాయన ఒక్కడే వెళ్ళి, ఇంట్లోవాళ్ళ కోసం బిళ్ళలు పట్టుకెళ్ళొచ్చా అని నసిగాడు. "అలా కుదరదు బాబాయ్‌గారూ, మానాల్సిన మనిషే రావాలి" అంది నర్సు. వియ్యపురాలు నీళ్ళగ్లాసుతో పక్కనే నిలబడి వింటోంది. ముక్కాయన ఓసారి ఆవిడ వైపు చూసి, "నాకేనమ్మా" అన్నాడు.

నర్సు అడిగినవాటికి పెళ్ళాం పడే అవస్థంతా తనదిగా చెప్పాడు. నర్సు చెప్పినవన్నీ పొల్లుపోకుండా ఇంటికి మోసుకొచ్చి, స్టూలేసుకుని కూర్చుని, "గట్టిగా ఊపిరి తియ్యి, నీళ్ళు తాగు, యావ పుడితే నడువు" అని చెప్పేవాడు. "నర్సమ్మగారు వచ్చారండీ" అని ఆవిడ వెక్కిరించేది. వెక్కిరిస్తూనే బిళ్ళ నమిలేది. పీపా వెనక డబ్బా మూత తెరవడం తగ్గింది, ఆ తర్వాత దానికి తుప్పు పట్టింది. ఒక పొద్దున ఆవిడ బిందె ఎత్తుకుని మెట్లెక్కి, పైన నిలబడి నవ్వింది. ముక్కాయనకి ఆ పూట ఆకురాయి చేతిలో ఆడలేదు, సంతోషంతో.

అంతలో గదిలోకి ఊదే మిషన్ వచ్చింది. ఊపిరిలో పొగ ఎంతుందో అంకె చూపిస్తుందట. ముక్కాయన ఊదాడు. ఏముంటుంది? జన్మలో పొగ తాగని మనిషాయె! నర్సు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వియ్యపురాలూ కొట్టింది. "గెలిచేశారు బాబాయ్‌గారూ! ఇంక మీకు బిళ్ళలు అక్కర్లేదు" అని నర్సు అతని పొట్లాన్ని వెనకాల మనిషికి ఇచ్చేసింది. ఆ పిల్ల మనసు మంచిదే. అదే వచ్చిన చిక్కు.

బిళ్ళలు లేని వారం ఇంట్లో నరకం. గిన్నెలు ఎగిరాయి, మాటలూ ఎగిరాయి. ఆవిడ తుప్పు పట్టిన డబ్బా మూతని గోళ్ళతో పెకలిస్తుంటే ముక్కాయన చూడలేకపోయాడు. మళ్ళీ హాలు తెరిచే రోజున కొట్టు తలుపు దగ్గరికేసుకుని జన్మలో మొదటి సిగరెట్టు వెలిగించాడు. దగ్గి దగ్గి కక్కుకున్నాడు. నోరు కడుక్కుని వెళ్ళి ఊదాడు. అంకె కాస్త లేచింది. "అయ్యో, మళ్ళీ మొదలెట్టారా?" అని నర్సు బాధపడి పొట్లం చేతిలో పెట్టింది.

అలా ప్రతి హాలు రోజునా ఒకటి. ఒకటి చాలదేమోనని రెండు. పెరట్లో డబ్బా మళ్ళీ మూతపడింది, ఆవిడ దగ్గు మళ్ళీ తగ్గుముఖం పట్టింది. అంతా బాగానే ఉంది, ఒక సాయంత్రం ముక్కాయన కొట్టులో కూర్చుని ఏదో తాళం అరగదీస్తూ, ఆలోచించకుండానే ఒకటి వెలిగించేదాకా. ఆ రోజు హాలు మూసే ఉంది.

ఇంటికొస్తే ఆవిడ వాసన పట్టేసింది. "హాల్లో పక్కవాళ్ళ వాసన అంటుకుందనేవాడివి, ఈ రోజు హాలు లేదుగా?" అంది. అసలు సంగతి కక్కించేసరికి ఆవిడ కుప్పకూలిపోయింది. "నా కోసం నువ్వు తగలబడతావా? రేపు హాల్లో నేనే చెప్పేస్తాను. పరువు పోతే పోయింది, వెధవ పరువు!"

నిజంగానే మర్నాడు అతని వెంట బయల్దేరింది. గడప తొక్కింది కూడా. వియ్యపురాలు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "రండి వదినగారూ, మంచిపని చేశారు. మీలాంటి ఇల్లాలికి ఇలాంటి మొగుడా? ఆ కంపు ఎలా భరిస్తున్నారో ఏమో! నాకైతే పొగతాగేవాళ్ళ గాలి సోకితేనే అసహ్యం."

ఆవిడ నోరు తెరిచింది. నర్సు వైపు చూసింది, మొగుడి వైపు చూసింది.

"ఏం చేస్తాం వదినగారూ," అంది, "నా ఖర్మ."

ముక్కాయన ముందుకెళ్ళి మిషన్లోకి ఊదాడు. అంకె ఎన్నడూ లేనంత పైకి పోయింది. నర్సు తల పట్టుకుని, పొట్లం ఇచ్చింది.

ఇంటికొచ్చి ఇద్దరూ పెరట్లో పీపా పక్కన కూర్చున్నారు. మధ్యలో పొట్లం. అది ఒక్కరి మందు. "నువ్వు నములు" అని ఆవిడ అతని వైపు తోసింది. "నీకు తెచ్చిందే, నువ్వే నములు" అని అతను ఆవిడ వైపు తోశాడు. కాసేపటికి తొయ్యడం మానేశారు. అతని చెయ్యి జేబులోకి పోయింది. తనకొకటి తీసుకున్నాడు. "నాకూ ఇవ్వు" అంది ఆవిడ, మొహం పక్కకి తిప్పుకుని. ముక్కాయన అగ్గిపుల్ల గీసి, ముందు ఆవిడకే వెలిగించాడు.