అవ్వ చెట్టును కుళ్ళబెట్టింది నేను కాదు

మా చిన్నప్పుడు... గద్వాలలో మా ఇంటి అరుగు మీద, పాత గంజి చట్టిలో, రంగుల ఆకు చెట్టొకటి ఉండేది. ఆకు నడుమ ముదురు ఎరుపు, చుట్టూ సన్నటి పచ్చ అంచు. ఇప్పుడు నర్సరీల్లో కోలియస్ అని అమ్ముతున్నారే... అదే.

మాది మగ్గాల ఇల్లు. మా అవ్వ, అంటే నాయన తల్లి, వచ్చినవాళ్ళందరికీ ఆ ఆకు చూపించేది. "దేవుడు నేసిన చీర ఇది. అంచు ఎట్ల కుదిరిందో సూడుండ్రి!" ఎవరైనా ఆకు తెంపారో... ఇక వాళ్ళ పని అంతే.

చీర నేసే పడుగు నూలుకు పెట్టగా మిగిలిన గంజిని మా ఇంట్లో పారబోసేవాళ్ళు కాదు. అది చెట్టుకు పోసే పెత్తనం మా పెదనాయన కొడుకుది, నాకన్నా కాస్త పెద్దవాడు. "బలం వట్టాలె" అంటూ రోజూ చెంబు వంచేవాడు.

ఒక వానకాలం ఆకులు వాలిపోయాయి. మన్ను తడిగానే ఉంది. అయినా అన్న "పాపం, దూపైతుంది" అని ఇంకో చెంబు పోశాడు. తెల్లారేసరికి ఇంకా వాలింది... మళ్ళీ చెంబు!

అవ్వ లబోదిబోమంది. అన్న ఏమాత్రం తడబడకుండా, "తమ్ముడే అవ్వా... ఆకుల కోసం మొదలు పట్టి గుంజిండు" అన్నాడు. నా వీపు మోగింది.

తర్వాత అవ్వ మొదలును బొటనవేలితో నొక్కింది. మన్నుకు ఆనిన చోట కాండం నల్లగా, మెత్తగా ఉంది... తోలు ఊడి చేతికొచ్చింది. "గుంజితే ఇరుగుతది గానీ గిట్ల కుళ్ళుతదా?" అంటూ చట్టిని వంచింది. పులిసిన గంజి కంపు! చట్టి అడుగున బొక్కే లేదు. గంజి చట్టికి బొక్క ఎందుకుంటుంది మరి!

అవ్వ అన్న వైపు తిరిగింది. "ఏందిర, చెట్టుకు గంజి వెట్టి చీర నేస్తవా?"

ఇల్లంతా నవ్వింది. నన్ను కొట్టినందుకు మాత్రం ఎవరూ నోరెత్తలేదు.

అవ్వ పైకొమ్మలు కోసింది. కోసిన చోట నల్లచార కనిపిస్తే ఇంకా పైకి... గట్టి, పచ్చటి కాండం వచ్చేదాకా. బొక్కలు కొట్టిన కొత్త చట్టిలో, ఇసుక కలిపిన కొత్త మన్నులో నాటింది. "పైమన్ను ఎండినంకనే నీళ్ళు" అని కాపలా నాకప్పగించింది. చిగురేసిన రోజు నా అంత మొనగాడు ఊళ్ళో లేడు!

అయినా అన్న ఈనాటికీ పెండ్లిళ్ళలో "అవ్వ చెట్టును సంపింది వీడే" అని చెప్తాడు. ఆ ఒక్క నింద కోసం నేను తోటల పుస్తకాలన్నీ చదివాను. నవలలు కూడా అంత శ్రద్ధగా చదవలేదు. మన్ను తడిగా ఉండి ఆకు వాలితే అది దాహం కాదు, కుళ్ళు... అన్ని పుస్తకాలూ నా పక్షమే.

మొన్న అన్న ఫోన్ చేశాడు.

"తమ్మీ, నా కోలియస్ వాలిపోయిందిర. నీళ్ళు మస్తు పోస్తున్న..."

"మొదలు నొక్కి సూడు."

"మెత్తగుంది."

"కుండీ కింద పళ్ళెంల నీళ్ళున్నయా?"

"నిండుగున్నయి."

"మరి ఈసారి ఎవడు గుంజిండే అన్నా?"

ముందు అన్నే నవ్వాడు. ఆ తర్వాత ఇద్దరం దగ్గొచ్చేదాకా నవ్వాం. నేను పెంచుకుంటున్న కోలియస్ కొమ్మ ఒకటి కోసి పంపిస్తానన్నాను... బొక్కలున్న కుండీ కొంటేనే!

ఇప్పుడు అరుగులూ లేవు, గంజి చట్టీలూ లేవు... చట్టి వంచి నిజం తేల్చే అవ్వలూ లేరు.

చెయ్యని తప్పుకు మీ వీపు మోగిన సంగతి ఏదైనా ఉందా? కింద రాయండి... మీ అన్నలు కూడా చదవాలి!