తారురోడ్డు మీద సలాం

డెబ్బైల్లో నేను విజయవాడలో పశువైద్యుడిగా కొత్తగా చేరిన రోజులవి. మూతపడిన ఒక సర్కస్‌లోని చంపా అనే ఆడ ఏనుగును అభయారణ్యంలో వదలాలని లారీలో పంపుతూ, తోడుగా నన్ను వెళ్లమన్నారు. దాని ముసలి మావటి సాయిబు కూడా ఉన్నాడు.

మండుటెండలో మంగళగిరి దాటుతుండగా ఒక స్థానిక నాయకుడు తన మనుషులతో లారీకి అడ్డం నిలిచాడు. "ఏనుగును దించండి డాక్టరుగారూ! నాకో సలాం కొట్టించి తీసుకుపోండి" అన్నాడు. కుదరదన్నాను. ఆయన మనుషులు నన్ను పక్కకు నెట్టి, పలకలు వేసి చంపాను దింపించారు.

కాలుతున్న తారు మీద అది కాలు మార్చి కాలు ఎత్తుతోంది. "కాళ్లు కాలిపోతన్నాయి బాబుగారూ, వదిలేయండి" అని సాయిబు ఏడ్చాడు. నాయకుడు వినలేదు. సలాం కొడుతుండగా ఫొటో తీయించుకోవాలని, మోకాళ్ల మీద కూర్చోమని తనే గదమాయించాడు. సర్కస్‌లో అలవాటైన ప్రాణం, చెప్పగానే కూర్చుంది.

నా ఒళ్లు మండిపోయింది. "ముందు మీరు చెప్పులు విప్పి ఇక్కడ నిలబడండి! ఫొటో తీసేదాకా కదలకుండా ఉంటే నేనే సలాం కొడతాను" అని అరిచాను. జనంలో ఎవరో నవ్వారు. "నీ ఉద్యోగం ఊడగొట్టిస్తా" అంటూ ఆయన కారెక్కాడు.

మోకాళ్ల పుండ్లు మానాక చంపాను అడవిలోకి వదిలారట. ఆ రోజు నేను అక్కడ లేను. పెద్దమనిషిని అవమానించినందుకు సంజాయిషీ ఇమ్మన్న మెమో ముందు కూర్చున్నాను. అందులో ఏనుగు కాళ్ల గురించి ఒక్క మాట లేదు. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. క్షమాపణ అన్న మాటే లేకుండా రెండు పేజీలు రాసిచ్చాను.