నాచారంల క్లచ్ డ్యూటీ

శనివారం పొద్దున ఉప్పల్ రింగు కాడ బస్సు దిగిన. ఎండ అప్పటికే చురుక్కుమంటున్నది. చేతిల సంచి. సంచిల రెండు చీరలు, చింపిన పాత ధోతులు, బ్యాటరీ లైటు. మనమరాలి హుకుం ముందురోజే ఫోన్ల వచ్చింది. "అమ్మమ్మా, రేపు రా. బండి ఇప్పుతున్నం. మనుషులు తక్కువున్నరు."

మా ఆయన ఫౌజ్‌ల ఉన్నప్పుడు సెలవు మీదొస్తె గిట్లనే చెప్పేటోడు. యాడ దిగిన, ఎట్లాంటి ఎండ, ఎవరి హుకుం, ఎవరేమన్నరు. నా చదువు మూడో తరగతి. ఆయన పద్ధతే నాకొచ్చు.

అల్లుడు, మనమరాలు కారు బండి తెచ్చిన్రు. తోలేది మనమరాలు, పక్కన అల్లుడు, ఎనక నేను. మొదటి గేరేసి క్లచ్ విడిసింది. బండి నీళ్లల్లకెళ్లి లేసిన బర్రె లెక్క ఒళ్లంత దులిపింది. నా కట్టుడు పండ్లు టకటక కొట్టుకున్నయి. నాచారం దాక ప్రతి సిగ్నల్ కాడ గదే.

సంగతి గిది. పాత క్లచ్ అరిగితె నెల కింద తండ్రీబిడ్డలు బయటి కంపెనీ సెట్ తెచ్చి ఇంట్లనే వేసిన్రు. అప్పటిసంది ఈ వణుకుడు. లైసెన్సు పరీక్షల ఎత్తు మీద బండి వణికి బందయింది. పిల్ల ఫెయిల్. సోమవారం మళ్ల పరీక్ష. పాసైతె నాచారంలనే ఒక ఫ్యాక్టరీల బండి తోలే కొలువు. లేకుంటె ఇంకొకలకు ఇస్తమన్నరు. మెకానిక్ ఏమో, "సెట్ డూప్లికేట్, పారేసి కొత్తది కొనుండ్రి" అన్నడు. ఇప్పి చూడకుండ పారేసుడు మా ఇంట్ల లేదు.

ఇంటి ముందట షెడ్డు. బండి కింద నాలుగు దిక్కుల మొద్దులు పెట్టినం. కింద అల్లుడు. పానాలు, వైర్‌లెస్ మనమరాలు. గేర్‌బాక్స్ కింద పెట్టిన జాకీ కడ్డీ తిప్పేది నేను. నా బిడ్డ వంటింట్ల.

వైర్‌లెస్ ఎందుకంటె, అల్లునితోని నేను ఎదురుంగ మాట్లాడ. మా దిక్కు గదే పద్ధతి. పెండ్లయి ఇరవై ఏండ్లు. మాట ఏదున్నా నడుమ ఒక మనిషి ఉండాలె.

"అమ్మమ్మను జర దించమను."

"అమ్మమ్మా, జర దించు."

"దించుతున్ననని చెప్పు."

"నాన్నా, దించుతున్నదట."

పొద్దంత గిట్లనే నడిచింది. బోల్టులన్ని వచ్చినయి. గేర్‌బాక్స్ కదిలింది. నేను తిప్పుతున్న. కింద అల్లుడు "ఆపుమను" అన్నడంట. ఆ పిల్ల నాకు చెప్పేలోపట రెండు చుట్లు తిప్పిన. గేర్‌బాక్స్ ఒక పక్కకు ఒరిగింది.

"అత్తమ్మా, ఆపుండ్రి!"

చెయ్యి ఆడనే ఆగిపోయింది. నా నోట్లకెళ్లి మాట అదే వచ్చింది. "ఆపిన. చెయ్యి ఉన్నదా?"

బండి కిందికెళ్లి ఒక చెయ్యి బయటికొచ్చింది. మసి లెక్క నల్లగ. ఐదు వేళ్లు తెరిచి, మూసింది.

"ఉన్నది అత్తమ్మా. ఎనకకు తిప్పుండ్రి. మెల్లగ."

మెల్లగ తిప్పిన. ఆనుంచి వైర్‌లెస్ బందు.

పగటి బువ్వ యాళ్ల దాటినంక క్లచ్ ప్లేట్ చేతికొచ్చింది. లైటు పట్టిన. గరుకుగ ఉండాల్సిన ముఖం. ఒక కాడ రూపాయి బిళ్లంత మరక. అంచుకు నారింజ రంగు, నడుమ అద్దం లెక్క నున్నగ.

"ఇదెవరు పెట్టిన్రు?"

మనమరాలు నోరు తెరిచింది.

"నువ్వుండు. ఆయన్ను అడుగుతున్న."

"నేనే అత్తమ్మా. కొత్త సామాను గద. అడ్డంకి రావద్దని గుడికాడి సిందూరం పెట్టిన."

"నూనెల కలిపిన సిందూరమేనా?"

"అవు."

"నూనె చెయ్యితోని రోకలి పడితె నిలుస్తదా? పట్టుకునే కాడ్నే నూనె పెడితివి."

బండి కింద అల్లుడు నవ్వుడు మొదలుపెట్టిండు. బోల్టులు గలగలమన్నయి.

పని దొరికింది. పానం లేసొచ్చింది నాకు. ముక్కులకు తడి ధోతి గుడ్డలు కట్టుకున్నం. పెట్రోల్‌తోని తుడిసినం, గరుకు కాగితంతోని రుద్దినం, మళ్ల తుడిసినం. మరక లోపలికి దిగలే. ప్లేటును నట్టనడుమ నిలబెట్టే పనిముట్టు లేదు. వంటింట్లకెళ్లి చపాతీ కర్ర తెచ్చి, దాని కొనకు టేపు చుట్టి దూర్చిన. సరిపోయింది. "రేపు చపాతీలల్ల పెట్రోల్ వాసనొస్తె నన్ననొద్దు" అన్నది నా బిడ్డ. బోల్టులు ఒకదాని ఎదురు ఒకటి, జరజర బిగిచ్చినం, మంచం నవారు గుంజినట్టు. ఆదివారం మాపటికి అంత ఎక్కింది. అల్లుడు మళ్ల సిందూరం తెచ్చిండు. నేను బానెట్ చూపిచ్చిన. "ఈడ పెట్టు. దేవునికి బయటికెళ్లి గూడ కనవడ్తది."

సోమవారం పరీక్ష. మైదానం చుట్టు తీగెల కంచె. ఎత్తు నాకు కనవడ్తది. అల్లుడు దూరంగ గేటు కాడ, ఆయనకు కనవడదు. మనమరాలు సగం ఎత్తు మీద ఆపింది. నేను కంచె పట్టుకున్న. బ్రేకు లైటు ఆరింది. బండి ఎనకకు జారలే. వణకలే. వెన్నపూసల కత్తి దిగినట్టు పైకి పోయింది.

అంత దూరం కేక వినవడదు గద. చెయ్యెత్తి ఐదు వేళ్లు తెరిచి, మూసిన. అల్లుడు ఆడనే కూలవడి రెండు చేతులతోని ముఖం మూసుకున్నడు.

మాపటికి ఘట్‌కేసర్‌ల మా ఇంటికాడ నన్ను దింపింది మనమరాలే, పాసైన కాయితం ముందట పెట్టుకొని. ఉప్పల్ కాడ మస్తు జామ్. ఆగుడు, కదులుడు. నా పండ్లు ఒక్కసారి గూడ కొట్టుకోలే.

ఇంట్లకు పోయి సంచి దింపిన, ధోతి గుడ్డలు ఉతికి ఆరేసిన. పని అయిపోయింది. గాని కండ్లు మూస్తె పరీక్ష కనవడదు, ఎత్తు కనవడదు. బండి కిందికెళ్లి వచ్చిన ఆ నల్ల చెయ్యే. తెరుస్తది, మూస్తది.