పెళ్లి కోటులో వచ్చిన బయటి మనిషి

పందొమ్మిది వందల నలభైల్లో నరసరావుపేటలో ఓ పత్తి మిల్లులో ఇంజను నడిపేవాణ్ణి. గింజ నుంచి దూదిని వేరుచేసే మిషన్లన్నీ ఆ ఒక్క ఇంజను మీదే తిరిగేవి. దాని పెద్ద చక్రానికి బీట పడింది. చక్రం బాగుంటే సుత్తితో తట్టగానే ఖంగున మోగాలి. మాది పగిలిన కుండలా పలికింది.

"అయ్యా, చక్రం బీటేసింది, ఆపాల" అన్నాను షావుకారుతో. నిలబడే అన్నాను, జీతగాళ్లకు ఆయన ముందు కుర్చీ లేదు.

"సీజన్లో ఆపమంటావేందిరా? నీకేం తెలుసు!"

పది రోజులు చెప్పాను. ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఆ చక్రం పక్కనే పీట వేసుకుని మిషనుకు పత్తి అందించేది నా భార్య. చక్రం విరిగితే మొదట పోయేది ఆమే. పని మానెయ్యవే అంటే, "నేను మానితే ఆ పీట మీద ఇంకొకతి కూచుంటది. దానికి మాత్రం మొగుడు లేడా?" అంది.

షావుకారుకు ఓ జబ్బుంది. సొంత మనిషి మాట గాలికి పోయేది, పిలిపించిన మనిషి మాట వేదవాక్కు. గోడ ఎందుకు చెమ్మెక్కిందో చెప్పడానికి కూడా గుంటూరు నుంచి ఒకణ్ణి రప్పించి విస్తరేసి భోజనం పెట్టాడు మహానుభావుడు!

పదకొండో రోజు పొద్దున్నే పని మానేశాను. మా పేట చర్చిలో ఒకే ఒక నల్లకోటుండేది. పెళ్లికొడుకులందరం వంతులవారీగా తొడుక్కున్నదే. దాన్ని అడిగి తెచ్చుకుని, స్టేషను దగ్గర జట్కా ఎక్కి మిల్లు గేటు ముందు దిగాను.

"ఇంజన్లు చూసే ఆయనంట! బెజవాడ నుంచి వచ్చారు!" అని జట్కావాడు కేకేశాడు. వాడు మా పక్కింటివాడే.

షావుకారు నన్ను ఎగాదిగా చూశాడు. గుర్తుపట్టలేదంటే నేను చచ్చినా నమ్మను. అయినా కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. నేను చక్రాన్ని సుత్తితో తట్టి, "బీటేసింది, ఆపండి" అన్నాను. అవే మాటలు, అదే నోరు.

"చూశారా, బయటి మనిషి కన్నంటే అదీ!" అన్నాడు మిల్లంతా వినేలా. "మా ఇంజను డ్రైవరొకడున్నాడు, దద్దమ్మ. ఒక్కనాడన్నా చెప్పాడా?"

"దద్దమ్మేనండీ" అన్నాను పళ్లు కొరుక్కుంటూ. ఆడవాళ్లు నవ్వాపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

ఇంజను ఆపి, అందర్నీ దూరం జరిపి, మోకులు కట్టి చక్రాన్ని దించాం. నేల తాకగానే రెండు ముక్కలైంది. ఒక ముక్క ఒరిగి, ఖాళీగా ఉన్న నా భార్య పీట మీద పడింది. పీట తునాతునకలైపోయింది.

షావుకారు మొహం పాలిపోయింది. "ఒరేయ్, రేపట్నుంచి పన్లోకి రా" అన్నాడు మెల్లగా.

"రానండీ. అవసరమైతే జట్కా పంపించండి."

పంపాడు కూడా. శావల్యాపురంలో తెలిసిన మిల్లువాళ్లకూ చెప్పాడు. చానా ఏళ్లు అలాగే బతికాను. ముందు కుర్చీ వేయించుకుని, తర్వాత చెప్పేవాణ్ణి.

ఆ రోజు మాత్రం నా భార్య వచ్చి విరిగిన పీటను చూసింది. నా కోటు చెయ్యి పట్టుకుని, "చంక కాడ కుట్టూడిందయ్యా. కుట్టిస్తా, అప్పుడు చర్చిలో ఇద్దువు" అంది. ఊరంతా చూస్తున్నా, ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు.