జక్కమ్మాళ్ కొట్టిన మిద్దె

విరుదునగర్ మిరపకాయల గిడ్డంగి మిద్దె మీద ఇరవైమంది ఆడవాళ్లు వరసగా వంగి సున్నం, ఇటుకముక్కలు కలిపి పోసిన జల్లిని చెక్కలతో కొడుతుంటే, ఆ చప్పుడు రైలు స్టేషన్ దాకా వినపడేది. వరస మొదట మా మేనత్త జక్కమ్మాళ్. ఆమె పాట ఎత్తుకుంటే చెక్కలు లేస్తాయి, ఆపితే ఇరవై చెక్కలూ ఆగుతాయి. నేను కింద సున్నం కలిపి పైకి మోసేవాణ్ణి. ఇది పందొమ్మిది వందల ముప్పై ఒకటో సంవత్సరం, తొలివానలకు ముందొచ్చే పురట్టాసి నెల మాట.

అత్తకి దక్షిణాన కయత్తారు పక్కన ఒక చిన్న నల్లరేగడి చేను ఉంది. మామ పోయాక మరిది దున్నుకుంటున్నాడు. మా వైపు కట్టుబాటు ఒకటే: తొలివాన పదునులో ఎవరి విత్తనం పడితే ఆ ఏటి పంట వాళ్లది. అదీ ఆ ఇంటి మనిషి చేత్తోనే పడాలి, నాలాంటి మేనల్లుడు విత్తితే చెల్లదు. రెండేళ్లుగా అత్త ఏదో ఒక మిద్దె మీద ఉండగానే వాన పడింది, మరిది విత్తేశాడు. ఈసారి పత్తి గింజలు గుడ్డలో మూటకట్టి వెంట తెచ్చుకుంది. సున్నం తడి తగలకుండా దాన్ని నా సద్దికుండ మీద పెట్టేది.

తొమ్మిదో రోజుకి అత్త కుడి మణికట్టు వాచిపోయింది. సున్నం తిని వేళ్ల సందులు పుండ్లయ్యాయి. మధ్యాహ్నం ఎడమచేత్తో సద్ది తాగుతుంటే, పక్కన కొట్టే ముత్తుప్పేచ్చి అరవంలో ఎగతాళి చేసింది.

"ఏమక్కా, కుడిచేతిని అప్పుడే చేనుకి పంపించేశావా?"

"పంపించేసినా. నోరు మాత్రం నీకోసం ఈడ పెట్టుకొన్నా."

ఆ సాయంత్రం దక్షిణాన మబ్బు కమ్మింది. మాడన్ మేస్త్రి పైకొచ్చి చూసి, "పోదుం, పోదుం! చాలు, కొట్టింది చాలు. రేపు పైపూత పూసేద్దాం" అన్నాడు. ఆడవాళ్లు నడుములు పట్టుకుని లేచారు. మా ఊరివైపు పోయే ఆరుగంటల రైలుబండి ఇంకా రాలేదు. నేను మూట అందుకుని నిచ్చెన దగ్గర నిలబడ్డాను.

అత్త లేవలేదు. మిద్దె నడుమ ఒక్క దెబ్బ వేసి చెవి ఒగ్గింది. ఇంకొకటి వేసింది. గట్టిపడిన మిద్దె మీద చెక్క ఎగిరి చేతిలోకి వస్తుంది. ఇక్కడ అది అతుక్కుని లేస్తోంది.

"మేస్త్రీ, లోపల పచ్చిగా ఉండాది. ఇంకా రెండు దినాలు కొట్టాల."

"కారితే గిడ్డంగి ముదలాళి అడిగేది నన్ను కదమ్మా. నీకేం?"

"అడిగేది నిన్నే. ఆ పచ్చి వినపడింది నాకు."

ఆమెను పక్కకు పిలిచాను. "అత్తా, నోరుమూసుకోని దిగిరా. ఆ ముదలాళి మిర్చి తడిస్తే నీకేమి? వాడు వచ్చి నీ చేను విత్తుతాడా?"

ఆమె దక్షిణం వైపే చూస్తోంది. అక్కడ మెరుపులు మొదలయ్యాయి.

"మన చేలో వాన పడినాక నడిచినావా రా? అడుగు అడుగుకీ కాళ్లకు చెప్పులు మొలిచినట్ట మన్ను అంటుకొంటాది. రెండేండ్లాయె, నా కాళ్లకు సున్నం తప్ప ఏమీ అంటలా."

"అందుకే పోదాం రా అంటావుండా."

"నేను పాడితేనే కదరా వీండ్లు కొట్టినారు? ఇంతమంది చేతులు వాచినాక అది కారిందంటే నా పాట పొల్లు."

వెళ్లి వరస మొదట కూర్చుంది. మొదటి చరణానికి ముత్తుప్పేచ్చి ఒక్కతే చెక్క తీసింది, తిట్టుకుంటూనే. రెండో చరణానికి అందరూ తీశారు. మేస్త్రి చేతులు విదిలించుకుని, సున్నం గట్టిపడేందుకు కరక్కాయ బెల్లం నీళ్లు చల్లమని నన్ను కేకేశాడు. ఆరుగంటల బండి కూత పాటలో కలిసిపోయింది.

రెండో రోజు మధ్యాహ్నానికి చెక్కలు ఎగరసాగాయి. చప్పుడు కంచు మీద కొట్టినట్టు మారింది. అత్త పాట ఆపింది. చెక్కను వదలడానికి వేళ్లు తెరుచుకోకపోతే ఒక్కొక్కటే నేను విడదీశాను. మేము దిగేసరికి విరుదునగర్‌లోనూ వాన అందుకుంది. గిడ్డంగిలో నిలబడి అందరూ పైకి చూశారు. ఒక్క చుక్క కారలేదు. మేస్త్రి పకపకా నవ్వాడు. అత్త ఒక్కతే గుమ్మంలోకి వెళ్లి, వాచిన చేతిని వానలో పెట్టి నిలబడింది.

రాత్రి బండెక్కి, తెల్లవారి చేను గట్టుకి చేరేసరికి నేల నిండా గొర్రు సాళ్లు. ముందు రోజే మరిది విత్తేశాడు. అత్త గట్టు దిగి, సాళ్లు తొక్కకుండా, చేను అంచు వెంబడి చివరిదాకా నడిచి వచ్చింది.

మర్నాడు ఇంకో మిద్దె. నిచ్చెన దగ్గర ముత్తుప్పేచ్చి ఆపింది. "కాళ్లు కడుక్కో అక్కా, సున్నంలో మన్ను పడుతుంది."

అత్త కింద కూర్చుని, పాదాలకు ఎండిపోయిన నల్లమన్నును గోళ్లతో పెళ్లలుగా తీసింది. వాటిని గింజల మూటలో వేసి, పళ్లతో ముడి బిగించి నా చేతికిచ్చింది.

"తడి తగలనియ్యొద్దు రా" అని నిచ్చెన ఎక్కింది.