మా ఇంటి పేర్ల మధ్య ఊఁ

దెయ్యం కథలు నేను బాగానే చెబుతాను. కరెంటు పోతే మా వీధి పిల్లలు నా గుమ్మంలోకే వస్తారు. కానీ అవన్నీ కల్పించి చెప్పినవే, నమ్మి చెప్పింది ఒక్కటీ లేదు. మనిషి పోతే పోయినట్టే అనుకునేదాన్ని. కూతుర్ని పోగొట్టుకున్నదాన్ని, అలా అనుకోకపోతే బతకలేను.

మాది నర్సీపట్నం. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. విన్నది మాత్రం మర్చిపోను.

మా వాళ్ళకి వంశాలు చెప్పే తాత ఒకాయన ఉండేవాడు. కోతలయ్యాక కోటవురట్ల వైపు నుంచి కాగితాల మూటతో వచ్చి, వీధి అరుగు మీద కూర్చుని ఒక్కో ఇంటి మనుషుల పేర్లు చదివేవాడు. పేరు చదివి ఆగుతాడు. ఆ ఇంటివాళ్ళెవరో ఒకరు ఊఁ కొట్టాలి. కొడితేనే తర్వాతి పేరు. ఎవరూ కొట్టకపోతే ఆ ఇల్లు అక్కడితో అయిపోయిందని లెక్క.

మా ఇంటికి ఊఁ కొట్టేది నా పెద్దపిల్ల లోవమ్మ. మా ఆయన సిగ్గరి, నలుగురిలో నోరు విప్పేవారు కాదు. ఇది స్తంభం పట్టుకుని వేలాడుతూ, ముత్తాతల పేర్లకి కూడా తను చూసొచ్చినట్టే ఊఁ అనేది. చివర కొంచెం పైకి లేపేది, "తర్వాత?" అన్నట్టు.

"మీ ఇంటికి పెద్ద నువ్వేనేటే?" అని తాత ఎగతాళి చేస్తే దానికీ ఊఁ అంది.

అందరూ నవ్వారు. అన్నీ చదవడం అయ్యాక అది అడిగింది. "మరి నా పేరు సదవలేదేటి తాతా?"

"నీ పేరు ఇక్కడెందుకుంటాదే? రేపు నీ మొగుడింటోల కాయితంలో ఎక్కుతాది."

అదీ పద్ధతి. కోడళ్ళను మొగుడి పేరుతో కలిపి రాస్తారు, కూతుళ్ళను రాయరు. లోవమ్మ పదో ఏట జ్వరం తగిలి పోయింది. పుట్టింటి కాగితంలో లేదు. అత్తిల్లంటూ లేకుండానే పోయింది. నా దగ్గర దాని ఫొటో కూడా ఒక్కటి లేదు.

తాత కాలం చేశాక, కాగితాలకి చెదలు పట్టకుండా మా వాళ్ళు వాటిని స్కాన్ చేయించి నెట్లో పెట్టారు. ఆ పని చూసేది మా మాస్టారు. రిటైరైన బడిపంతులు, పోయిన మా ఆయనకి వరసకి తమ్ముడు. పెట్టారు గానీ ఎవరికీ కుదురుగా కనిపించేవి కావు. పేజీ అడ్డంగా తెరుచుకునేది. అక్షరాలు చీమల్లా ఉండేవి, పెద్దవి చేస్తే మసక.

మా కోడలు ప్రసన్నకి కంప్యూటర్ పని తెలుసు. పేజీలు ఊరి వారీగా విడగొట్టి, ఒక్కో పేజీ కింద పేర్లు టైపు చేసి, పేరు కొడితే పేజీ దొరికేలా చేసింది. చదువు రాని పెద్దవాళ్ళ సంగతి కూడా తనే ఆలోచించింది.

"అత్తా, నీకు ఆ తాత సదివినట్టే వొచ్చు కదా. నువ్వు సదువు, నేను ఫోన్లో రికార్డు సేస్తాను. నొక్కితే ఇనిపిస్తాది."

మధ్యాహ్నం తలుపులేసి, ఫ్యాను ఆపి, బియ్యం డబ్బా మీద ఫోను పెట్టి చదివేదాన్ని. తాత లాగే పేరు పేరుకీ ఆగి. పక్కింటి కుక్కర్ కూత పడితే మళ్ళీ మొదటికి.

"ఆల పప్పు ఉడికీదాకా మన వంశం కదల్దు" అని ప్రసన్న నవ్వేది.

మా ఇంటి పేజీ కూడా అలాగే చదివాను. మామగారి పేరు, మా ఆయన పేరు, మా అబ్బాయి పేరు. ప్రసన్న పైపైన విని నెట్లో పెట్టేసింది.

కొన్నాళ్ళకి నాతవరం నుంచి మా వాళ్ళలోనే ఒకావిడ ఫోన్ చేసింది. నేను ముఖం కూడా ఎరగను.

"బాగా సదివేరు పిన్నీ. మజ్జిలో ఊఁ కొట్టిన పాప మీ మనవరాలేటి?"

మాకింకా మనవలు లేరు. ప్రసన్న మళ్ళీ పెట్టి వినిపించింది. మా ఆయన పేరుకీ మా అబ్బాయి పేరుకీ మధ్య, నేను ఆగిన చోట, చిన్నగా ఊఁ. చివర పైకి లేచి ఉంది.

ప్రసన్న మిగతా పేజీలన్నీ విని చూసింది, ఇంకెక్కడా లేదు. వీధి పిల్లలా అంటే అది బడి రోజు, మా తలుపులు వేసే ఉన్నాయి. సాయంత్రం మా అబ్బాయి వచ్చి విన్నాడు. అక్క పోయేటప్పటికి వాడు ఆరేళ్ళవాడు. విని, ఫోను బల్ల మీద పెట్టి, "అక్కే" అన్నాడు. అన్నం తినకుండా బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మాస్టారు వచ్చారు. "ఎవరో పిల్ల గొంతు పడిందట వదినా. జనం నన్నడుగుతన్నారు. బేగి తీసేసి మళ్ళీ సదివీయండి."

"తీయిస్తాను మాస్టారూ. ఆ చోట నా కూతురి పేరు రాయనిస్తారా?"

"ఆడపిల్లల్ని రాయరు కదా వదినా. మీ ఒక్కరికీ రాస్తే మిగతావోలు ఊరుకుంటారేటి?"

ప్రసన్న అందుకుంది. "ఊరుకోవద్దనండి మావయ్యగారూ. ఆలు పంపిస్తే ఆలవీ రాస్తాను. పాత కాయితం బొమ్మని ముట్టుకోం. కింద నేను టైపు సేసిందాన్లోనే కదా."

ఆయన గడప దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "అలాగైతే మా సెల్లి పేరు కూడా ఎక్కించమ్మా. అదీ సిన్నప్పుడే పోయింది" అన్నారు.

ప్రసన్న లోవమ్మ పేరు టైపు చేసింది. నేను మళ్ళీ చదవడానికి కూర్చున్నాను. మా ఆయన పేరు చదివాను. తర్వాత "లోవమ్మ" అన్నాను. ఆగాను. చదవాల్సినదానికంటే ఎక్కువే ఆగాను. ప్రసన్న కూడా నన్ను తొందర చేయలేదు. రికార్డు పెట్టి వింటే ఆ చోట ఏమీ లేదు.

పాతది చెరపవద్దని ప్రసన్నకి ముందే చెప్పి ఉంచాను. తన ఫోన్లో దాచింది. అది పెట్టమన్నాను. నా గొంతు ఉంది, మా ఆయన పేరు ఉంది, నేను ఆగడం ఉంది. ఊఁ లేదు. నాతవరం ఆవిడకి పంపిస్తే, "ఇది కాదు పిన్నీ, నేనిన్నదాన్లో పాప ఉంది" అంది.

ఫైలు మారిపోయి ఉంటుందని ప్రసన్న అంటుంది. మా అబ్బాయి ఆ మాటే ఎత్తడు. నాకు ఏదీ తెలియదు. ఇప్పుడు ఎవరు లోవమ్మ అని కొట్టినా మా ఇంటి పేజీ వస్తుంది, తల్లి పేరు తండ్రి పేరుతో సహా. అదీ తక్కువేమీ కాదు. కానీ ఆ పేరు రాయించి నా పిల్లని ఇంటికి తెచ్చుకున్నానో, ఇన్నాళ్ళూ ఇంట్లో ఉన్నదాన్ని నా చేతులతో నేనే పంపేశానో, ఇప్పటికీ తెలియడం లేదు.