జెండా బాబాయి మెట్ల లెక్క

ఎండ బాగా కాసిన రోజున ఆ చెరువు తగ్గిపోతుంది. ఆవిరైపోయి కాదు, ఆ పాపం ఎండకి అంటగట్టకండి. కొండ మీద ఇంకో చెరువుంది. ఎండ కాస్తే సోలార్ పలకల్లో అవసరానికి మించి కరెంటు పుడుతుంది. ఆ మిగులు కరెంటుతో ఏనుగుల్లాంటి పంపులు కింది చెరువు నీళ్లని కొండెక్కిస్తాయి. సాయంత్రం ఊళ్లన్నీ దీపాలు వేసుకునే వేళకి ఆ నీళ్లనే కిందికి దూకించి, ఆ దూకుడులోంచి మళ్లీ కరెంటు తీస్తారు. తెలివైన పనే, కాదనను. కానీ ఒడ్డున పడవలు నడుపుకునేవాళ్ల గోడు వినండి. ఎండొస్తే జనం పడవెక్కడానికి వస్తారు, అదే ఎండకి పడవ కింద నీళ్లు జారుకుంటాయి. చుట్టాలు గుమ్మంలోకి వచ్చేసరికి పొయ్యి ఆరిపోయినట్టు ఉంటుంది వ్యవహారం.

అందుకని ఒడ్డున ఒక జెండా కర్ర పాతారు. ఆకుపచ్చ జెండా ఎగిరితే పడవలు వెళ్లొచ్చు. ఎర్రది ఎగిరితే ఎంత పెద్దమనిషి వచ్చినా కట్టు విప్పకూడదు. అరగంటకోసారి నీళ్లు చూసి, ఏ జెండా ఎగరాలో తేల్చేవాడు ఒకాయన. ఇరవై ఆరేళ్లుగా అదే పని చేస్తున్నాడు కాబట్టి ఊరందరికీ ఆయన జెండా బాబాయి. ఆయన భార్య బట్టలు కుడుతుంది, ఆవిడ దర్జీ పిన్ని. ఆ జెండాలు కుట్టేదీ ఆవిడే.

బాబాయి అక్కడికి పందొమ్మిదో ఏట కూలీగా వచ్చాడు. ఒడ్డు నుంచి చెరువులోకి దిగే ముప్పై మెట్లకీ రాయి మోసిన భుజం ఆయనది. నీళ్లలో ఒక కొలబద్ద నిలబెట్టి ఉంటుంది. దాని మీద అంకెలు, ఒక ఎర్రగీత. నీళ్లు ఆ గీత దిగితే ఎర్రజెండా. ఆఫీసువాళ్ల బోర్డేమో సముద్రమట్టానికి ఇన్ని మీటర్లు అని చెబుతుంది. సముద్రం ఎవడు చూశాడు! ఊళ్లో అందరూ బాబాయినే అడిగేవారు. "ఇవాళ ఎన్ని మెట్లు బయటపడ్డాయి బాబాయ్?" అంటే "తొమ్మిది" అనేవాడు. పదమూడు మెట్ల వరకూ పడవకి భయం లేదు. పధ్నాలుగో మెట్టు ఆరిందా, ఎర్రజెండా ఎక్కాల్సిందే. ఎందుకంటే ఒడ్డుకీ, చెరువు నడిమి లంకకీ మధ్య ఇరుకుదారిలో, నీళ్ల కింద ఒక పెద్ద బండరాయి పడుకుని ఉంటుంది. దాన్ని దున్న అంటారు. నీళ్లు తగ్గితే దాని వీపు పైకొస్తుంది.

ఇదంతా బాగానే ఉంది. బాగాలేనిది ఏమిటంటే, మూడేళ్లుగా బాబాయికి ఆ కొలబద్ద కనపడటం లేదు. కళ్లలో శుక్లాలు. ముందు అంకెలు పోయాయి, తరవాత ఎర్రగీత పోయింది, ఆపైన కొలబద్దే పోయింది. అంత దూరంలో ఉన్నదేదైనా పాలు ఒలకబోసినట్టు తెల్లగా కనిపించేది. ఆపరేషను చేయించుకుంటే వారంలో తేలే సంగతే! కానీ కళ్లు కనపడవని నోరు జారితే ఆ పూటే జెండా లాక్కుంటారని ఆయన భయం. అభిమానం తక్కువవాడేం కాదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పులు విప్పి, కుడిపక్క కమ్మీ పట్టుకుని, పాదాలతో ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ దిగేవాడు. పాదానికి నీళ్లు తగలగానే లెక్క ఆపి, పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుని రాసేవాడు. తను మోసిన రాళ్లే కదా, అవి తనకి అబద్ధం చెప్పవని ధీమా.

జెండా రంగు సంగతంటారా, దానికీ ఒక దారి దొరికింది. పిన్ని కుట్టులో మూలన ముళ్లు పడేవి. ఆకుపచ్చదానికి ఒక ముడి, ఎర్రదానికి రెండు. మబ్బు పట్టినా, పొద్దున్నే చీకటి వీడకపోయినా, ఆయన వేళ్లతో తడిమి తీసుకునేవాడు. "మీ అత్త కుట్టు చూశావా, ఎక్కడ చూసినా ముళ్లే" అని మేనకోడలి దగ్గర వేళాకోళం చేసేవాడు.

ఆ మేనకోడలే ఈ కథలో రెండో మనిషి. బాబాయి అక్క కూతురు. పెద్ద పడవ నడుపుతుంది. మూడుసార్లు పరీక్షకి వెళ్లి, రెండుసార్లు "ఆడపిల్లవి, నీకెందుకమ్మా" అనిపించుకుని, మూడోసారి లైసెన్సు తెచ్చుకుంది. ఆ కాయితాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి స్టీరింగు పక్కన తగిలించుకుంది. ఆ కాయితం చూశాక గాని పడవెక్కని మనుషులు ఏడాది పొడుగునా ఉన్నారు.

ఆ రోజు ఎండ మండిపోతోంది. పద్దెనిమిది మంది రిటైరైన లెక్కల మాస్టార్లు పడవ షికారుకి వచ్చారు. రెండు గంటలకి బాబాయి మెట్లు దిగాడు. పదమూడు. ఆకుపచ్చ జెండా ఎగిరింది. మేనకోడలు పడవ తీసి, లంక చుట్టూ తిప్పి, అరగంట తిరక్కుండానే ఇరుకుదారిలోంచి వెనక్కి వస్తోంది. పడవ అడుగున బరబరమని ఒక చప్పుడు. పడవ దున్న వీపెక్కి కూర్చుంది.

దెబ్బ ఎవరికీ తగల్లేదు. "దున్న ఉంది గాని, దాని మీద రావలసినాయన ఇవాళ సెలవులో ఉన్నట్టున్నాడు" అని ఒక మాస్టారు అన్నాడు కూడా. కొండమీదికి ఫోన్ చేస్తే పంపులు ఆపారు గాని, నీళ్లు వదలడానికి వేళ కాలేదన్నారు. పడవ ఎప్పుడు తేలుతుందో పద్దెనిమిది మందీ లెక్కలు కట్టారు, పద్దెనిమిది జవాబులొచ్చాయి. ఆరున్నరకి ఊళ్లో దీపాలు వెలిగాక చెరువు మెల్లిగా పైకి లేచింది, పడవా లేచింది. ఒడ్డుకి చేరేసరికి పడవ అడుగున మూరెడు గాటు.

పడవల మేనేజరు చెడ్డవాడు కాదు, కానీ కాయితం మనిషి. పుస్తకం తెరిచాడు. రెండు గంటలకు పదమూడు మెట్లు అని ఉంది. "బాబాయి జెండా ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి తప్పలేదమ్మా. నీళ్లు సరిపడా ఉండి కూడా దున్న తగిలిందంటే నువ్వే దారి తప్పావన్నమాట. రేపు పదకొండింటికి ఆఫీసుకి రా. లైసెన్సు తీసుకురా" అన్నాడు. కొండమీద యంత్రం రాసుకునే లెక్క అడిగినా నిజం తేలేది. బాబాయి మాట ఉండగా యంత్రాన్ని అడగాలని ఎవరికి తోస్తుంది?

ఇంటికి వస్తూ ఆ పిల్ల మెట్ల దగ్గర ఆగింది. "మావయ్యా, దున్నకి బారెడు పక్కనించే తిప్పాను. ఎప్పుడూ వచ్చే దారే. అయినా తగిలింది. నా కళ్లే మోసం చేశాయేమో" అంది. కళ్లు అనే మాట వినగానే బాబాయి తేలు కుట్టిన దొంగలా మొహం తిప్పుకున్నాడు. కానీ అప్పటికి ఆయనకీ తన తప్పేమిటో తెలీదు. మెట్లు లెక్కపెట్టాడు, పదమూడే వచ్చాయి. ఒట్టు.

తెల్లారి ఏడింటికి చెరువు దగ్గరికి వెళ్లాడు. మనసు మనసులో లేదు. రోజూ దిగే కుడిపక్క కాకుండా ఎడమపక్కకి వెళ్లాడు. అక్కడ పదో మెట్టు అంచున ఒక ఇనుప రింగు ఉంటుంది, పూర్వం నాటుపడవలు కట్టేవారు. దాని పక్కన కూర్చోవడం ఆయనకి కూలీ రోజుల నుంచీ అలవాటు. పాదంతో లెక్కపెట్టుకుంటూ దిగాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. కాలి బొటనవేలికి ఇనుము తగిలింది.

మళ్లీ పైకెక్కాడు. మళ్లీ దిగాడు. తొమ్మిదే. మోకాళ్ల మీద కూర్చుని పైమెట్టుని చేత్తో తడిమాడు. కొత్త సిమెంటు. కిందటి నెల మరమ్మతుల్లో, పైన పగిలిపోయిన రెండు మెట్లనీ మేస్త్రీలు కలిపి కాస్త వాలుగా ఒకే మెట్టు కట్టేశారు. నెల రోజులుగా ఆ మెట్టు మీద అడుగు వేస్తూ, పాదానికి నున్నగా హాయిగా ఉందని మురిసిపోయాడు గాని, ఒక మెట్టు మాయమైందని ఎరగడు. కళ్లున్నవాడెవడైనా కొలబద్ద చూస్తాడు, మెట్లతో వాడికేం పని? మెట్లు నమ్ముకున్నవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. పదమూడు కాదు, పధ్నాలుగు. ఎర్రజెండా ఎగరాల్సిన వేళ పచ్చజెండా ఎగరేసి, ఆ పిల్లని దున్న మీదికి తోలింది తనే.

ఇంటికి వచ్చేసరికి పిన్ని మిషను ముందు కూర్చుని ఉంది. ఆయన గుమ్మంలోనే నిలబడి చెప్పేశాడు. కళ్ల సంగతి, మెట్ల సంగతి, రింగు సంగతి. చెబుతుంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. పిన్ని ఆశ్చర్యపోలేదు. పళ్లతో దారం తెంపి, "చొక్కా మార్చుకోండి. నేనూ వస్తాను" అంది.

ఆఫీసంటే రేకుల షెడ్డు. గోడకి లైఫ్ జాకెట్లు వేలాడుతూ తడివాసన కొడుతుంటాయి. మేనకోడలు ప్లాస్టిక్ తొడుగులోంచి కాయితం తీసి బల్ల మీద పెట్టి, దాని వంకే చూస్తూ నిలబడి ఉంది. మేనేజరు తలెత్తాడు. "మీరెందుకొచ్చారు బాబాయ్? మీ పుస్తకం ఉందిగా, చాలు."

"పుస్తకం తప్పు సార్. రాసినవాడికి కళ్లు లేవు."

మేనేజరు నవ్వబోయి ఆగిపోయాడు. "ఆ గోడ మీద ఏముందో చెప్పండి."

"గోడ ఉందని తెలుసు సార్. అంతవరకే."

గోడ మీద పళ్లెమంత గడియారం ఉంది. బాబాయి మెట్ల లెక్క మొత్తం విప్పి చెప్పాడు. మేనేజరు ఫోన్ తీసి కొండమీది లెక్క అడిగాడు. రెండు గంటలకి నీళ్లు ఎర్రగీత దిగే ఉన్నాయి.

"మరి ఇన్నాళ్లూ జెండా రంగులెలా తెలిశాయి? ఇంట్లోవాళ్లకైనా తెలీదా?"

"ఎవరికీ తెలియనివ్వలేదు సార్. రంగంటారా, మా ఆవిడ కుట్టులో ముళ్లు పడతాయి. పచ్చదానికి ఒకటి, ఎర్రదానికి రెండు. నా అదృష్టం కొద్దీ..."

"అదృష్టమా!" పిన్ని ఒక్కసారి లేచింది. "ముప్పయ్యేళ్లుగా మిషను తొక్కుతున్నాను, నా కుట్టులో ముడి పడుతుందా?"

బాబాయి గొంతు వినపడిన వైపు తిరిగాడు.

"మూడేళ్ల కిందట టీ గ్లాసనుకుని నా సూదుల డబ్బా ఎత్తారు ఈయన. ఆ రోజే తెలిసింది. అడిగితే ఒప్పుకోరు, గింజుకుంటారు, అభిమానపడతారు. ఎందుకులే అని ముళ్లు వేసి ఇచ్చాను. ఒకటి పచ్చకి, రెండు ఎర్రకి. ముళ్లు కాదు సార్ వెయ్యాల్సింది, చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకెళ్లాల్సింది. ఆయన నాకు తెలియకుండా దాచాననుకున్నారు, నేను ఆయనకి తెలియకుండా సాయం చేశాననుకున్నాను. మధ్యలో ఈ పిల్ల మునిగింది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేనకోడలు కాయితం తీసుకుని తొడుగులో పెట్టుకుంది. "రాత్రంతా నా చేతుల్ని నేనే తిట్టుకున్నా అత్తా. ఇంక జన్మలో స్టీరింగు పట్టుకోకూడదనుకున్నా. మీ ఇద్దర్లో ఒక్కరైనా ఒక్క మాట చెప్పి ఉంటే..." పూర్తి చెయ్యకుండానే బయటికి వెళ్లిపోయింది. బాబాయి రెండు జెండాలూ మడిచి బల్ల మీద పెట్టాడు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి వట్టి చేతులతో ఇంటికి నడిచాడు. పిన్ని ఆయన మోచెయ్యి పట్టుకుంది, ఆయన విదిలించుకోలేదు.

ఆపరేషన్లయ్యాయి. ముందు ఒక కన్ను, నెల తరవాత రెండోది. మేనకోడలు ఆసుపత్రికి వచ్చేది, పళ్లు పెట్టి, మందులు చూసి, పొడిపొడిగా నాలుగు మాటలాడి వెళ్లేది. కోపం అంత తొందరగా పోతుందా? పోకూడదు కూడా. ఇంత కోపం ఆ పిల్ల హక్కు అని బాబాయే అనేవాడు.

కట్టు విప్పిన వారానికి మేనేజరు కబురు పెట్టాడు. చూపు పరీక్ష ఒడ్డు మీదే అన్నాడు. ఆ రోజూ ఎండే, ఒడ్డు నిండా జనమే. బాబాయి మెట్ల పైన నిలబడ్డాడు. ఎన్నేళ్లయింది ఈ నీళ్ల రంగు చూసి! మెట్ల మీద ఎవరో తెల్ల రంగుతో అంకెలు వేశారు, పెద్దపెద్దవి, కాస్త వంకర. పైమెట్టు మీద మాత్రం ఒక్క అంకె కాదు. 1, 2, రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

కింద పడవ దగ్గర మేనకోడలు నిలబడి ఉంది. చేతి వేళ్లకి ఇంకా తెల్లరంగు. "కనపడుతోందా మావయ్యా?" అని అరిచింది.

"కనపడుతోందే తల్లీ. రెండంకెలూ కనపడుతున్నాయి."

"అయితే కొలబద్ద చదువు."

చదివాడు. ఒక్కొక్క అంకె పైకి చదివాడు. నీళ్లు ఎర్రగీతకి బెత్తెడు కింద ఉన్నాయి. మేనేజరు మడిచిన జెండాలు చేతికిచ్చాడు. కొత్తవి, పిన్ని నిన్ననే కుట్టి పంపింది. వేళ్లు అలవాటు కొద్దీ మూలలు తడిమాయి. ముళ్లు లేవు. నున్నటి కుట్టు. బాబాయి ఒక్క క్షణం తడబడి, అప్పుడు తల వంచి రంగు చూసి తీసుకున్నాడు.

ఎర్రజెండా ఎగిరింది. జనం ఉసూరుమన్నారు, ఇంత ఎండలో వస్తే ఇదేం ఖర్మ అని సణిగారు. మేనకోడలు ఒకసారి జెండా వంక చూసి, మారుమాట లేకుండా పడవ కట్టేసింది.